మూర్ఛరోగులును వ్యాయామమును

సాయంకాలమున కడపటి గంట మ్రోగగానే పిల్లలందరును ఆటస్థలమునకు పరుగెత్తుదురు. కొందరు చెడుగుడు బరి గీయుదురు. కొందరు బంతి తన్నుదురు. కొందరు త్రాడుపట్టి దుముకుదురు. అట్టి సమయమున వేపచెట్టు నీడను, తోడిపిల్లల చొక్కాలకును పుస్తకముల సంచులకును కావలిగా కూర్చున్న బాలుడొకడు అప్పుడప్పుడు మన కంటబడును. వానికి జ్వరము లేదు, కాలు బెణకలేదు. ఏల యాడవని యడిగినచో తల వంచుకొని, "నాకు ఫిట్సు వస్తాయండి, ఆడగూడదన్నారు" అని చెప్పును. ఎవరన్నారని మరల నడిగినచో వానికే సరిగా తెలియదు. తల్లి యనెను, పొరుగువా రనిరి, ఉపాధ్యాయు డనెను. అందరు ననిన మాట గనుక అది నిజమే కావలెనని వాడు నమ్మియుండును.

ఈ తప్పు చేసినవారిలో నేనును ఒకడను. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో అట్టి బాలు నొకనిని నేనే రెండేండ్లు చెట్టునీడను కూర్చుండబెట్టితిని. వానియెడ దయ చూపుచున్నానని అప్పుడు నా నమ్మకము. ఒకనాడు వాడు నాయొద్దకు వచ్చి, "మాష్టరుగారూ, ఆటకు పిలవకపోతే పోనీయండి, స్కోరు రాసే పనైనా నాకిప్పించండి" అని యడిగెను. ఆ మాట నన్ను చాలకాలము వదలలేదు. నేను చూపినది దయయా, భయమా యని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు చదివి తెలిసికొనిన సంగతులను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాను.

రోగస్వరూపము

మన మెదడునందు కోట్లకొలది నరకణములు కలవు. అవి మిక్కిలి సూక్ష్మమైన విద్యుత్ప్రవాహములచే ఒకదానికొకటి వార్తలు పంపుకొనుచుండును. ఆ ప్రవాహములు క్రమము తప్పక నడచుచున్నంతకాలము మన చూపు, మాట, నడక, తెలివి అన్నియు సక్రమముగ నుండును. మెదడులో నొక భాగమునందలి కణములు గాని, మెదడంతయు గాని ఒక్కసారిగా అదుపుతప్పి విద్యుత్తును వెలువరించినచో అదియే మూర్ఛ. ఈ సంగతిని 1873లో ఇంగ్లాండు దేశపు వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ స్పష్టముగ చెప్పెను. పిమ్మట జర్మనీదేశమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని మెదడునందలి విద్యుత్తరంగములను మొట్టమొదటిసారిగా గీతలరూపమున వ్రాయించి, 1929లో లోకమునకు ప్రకటించెను. జాక్సన్ బుద్ధిచే ఊహించిన దానిని బెర్గర్ కంటికి కనబడునట్లు చేసెను. నేడు ఆసుపత్రులలో ఈ.ఈ.జీ. యని పిలువబడు పరీక్ష అదియే.

మూర్ఛలన్నియు నొకే తీరున నుండవు. క్రిందపడి కాలుసేతులు కొట్టుకొని నోట నురుగు వచ్చుట అందరెరిగినదే. కాని కొందరు పిల్లలు కొన్ని క్షణములు కన్నార్పుచు శూన్యముగ చూచి మరల తెలివిలోనికి వత్తురు. తరగతిలో ఉపాధ్యాయుడు దానిని పరధ్యానమనుకొని కోపగించుటయు కలదు. కొందరికి ఒక చేయి మాత్రమే కదలును. కొందరు తెలివి తప్పకయే క్రిందపడుదురు. కొందరు తామెచ్చట నున్నదియు నెరుగక కొంతసేపు తిరుగాడుదురు.

ఇది అంటురోగము కాదు, గాలిచేష్ట కాదు, పూర్వజన్మ శాపమును కాదు. క్రీస్తునకు పూర్వము 400 ప్రాంతమున గ్రీసుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథమొకటి, ఈ రోగము ఇతర రోగములకంటె ఎక్కువ దైవికమైనది కాదనియు, దీనికిని మెదడే మూలమనియు వాదించెను. మన దేశమున చరకసంహిత దీనిని అపస్మారమను పేర నాలుగు విధములుగ విభజించి చికిత్స చెప్పెను. తలకు తగిలిన దెబ్బ, పుట్టునప్పుడు శిశువునకు ప్రాణవాయువు చాలకపోవుట, మెదడువాపు జ్వరములు, వంశమునందలి గుణము మొదలగునవి కారణములు. పందిమాంసమువలన వ్యాపించు బద్దెపురుగు గ్రుడ్లు, శుభ్రముచేయని నీటితోను కూరగాయలతోను కడుపులోనికి పోయి మెదడున తిత్తులుగా నిలుచుట మన దేశమునందు ముఖ్యమైన కారణములలో నొకటి. అనేకులలో కారణము తెలియనే తెలియదు.

ప్రపంచారోగ్య సంస్థవారి లెక్క ప్రకారము లోకమున సుమారు 5 కోట్లమందికి ఈ రోగము కలదు. వారిలో నూటికి 80 మందికి దగ్గరగ బీదదేశములందును మధ్యతరగతి దేశములందును నున్నారు. సరియైన పరీక్షయు మందును లభించినచో నూటికి 70 మందివరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. అనగా మాత్రలు క్రమముగ వేసికొను బాలుడు ఏడాదిలో అన్ని దినములును మనవలెనే యుండును. అట్టివానిని ఎప్పుడో వచ్చు రెండు నిమిషముల మూర్ఛకై ఏడాదిపొడుగునను కూర్చుండబెట్టుట న్యాయమా?

నిషేధ మెట్లు కలిగినది?

మూర్ఛను చూచినవారికి భయము కలుగుట సహజమే. పరుగెత్తిన అలసట కలుగును. అలసటవలన మూర్ఛ వచ్చును. మూర్ఛ వచ్చినచో పడి దెబ్బ తగులును: ఇట్లు లోకులు తర్కించిరి. ఈ తర్కమును చాలకాలము వైద్యులును అంగీకరించిరి. 1968లో అమెరికా వైద్యసంఘమువారి ఉపసంఘమొకటి, మూర్ఛరోగము గల బాలురు ఒకరినొకరు ఢీకొను ఆటలలో చేరరాదని సలహా యిచ్చెను. కాని అట్టి బాలురను ఆటనుండి తొలగించుటచే వారికి మేలు కలిగినట్లు కనబడలేదు. 1974లో ఆ వైద్యసంఘమే తన యభిప్రాయమును మార్చుకొని, రోగము అదుపులో నున్నవారిని ఆటలలో చేర్చుకొనవచ్చునని చెప్పెను. 1909లో బుడాపెస్టు నగరమున స్థాపింపబడిన అంతర్జాతీయ మూర్ఛరోగ వైద్యసంఘమువారు 2016లో ఈ విషయమును సమగ్రముగ విచారించి, ఆటలను వాని యపాయమునుబట్టి మూడు తరగతులుగ విభజించిరి. ఆ విభాగమును ముందు వివరించెదను. ఇచ్చట గమనింపవలసినదేమనగా, వైద్యులు తమ మాటను మార్చుకొని యేబది యేండ్లు కావచ్చుచున్నను మన వీధులలో పాతమాటయే నిలిచియున్నది.

రోగుల యలవాట్లును అభిప్రాయములును

రోగులు తాము వ్యాయామమునుగూర్చి యేమనుకొనుచున్నారో తెలిసికొనుట ముఖ్యము. నార్వేదేశపు వైద్యులు 204 మంది వయోజన రోగులను ప్రశ్నించి 1999లో ఫలితములను ప్రకటించిరి. ఆ రోగుల వ్యాయామపుటలవాట్లు ఆ దేశపు సామాన్యజనుల యలవాట్లకు దగ్గరగనే యుండెను. పెక్కుమందికి వ్యాయామమువలన కీడు కలుగలేదు. క్రమముగ వ్యాయామము చేయుటవలన మూర్ఛలు తగ్గినవని నూటికి 36 మంది చెప్పిరి. సుమారు నూటికి పదిమందికి మాత్రము వ్యాయామమే మూర్ఛను తెచ్చునట్లు కనబడెను. వీరిలో మెదడునందు గాయమో వ్రణమో కలిగి, దానినుండి మూర్ఛలు వచ్చువారు ఎక్కువ.

దీనికి భిన్నముగ, జర్మనీలో 1996లో ప్రకటింపబడిన పరిశోధనయందు, రోగులు ఇతరులకంటె తక్కువగ ఆటలాడుచున్నారనియు, దమ్మునందును కండబలమునందును శరీరము వంగుటయందును వెనుకబడి యున్నారనియు తేలెను. రోగ మొకటియే, ఒకచోట ఇతరులతో సమానముగ నడచుచున్నారు, మరియొకచోట వెనుకబడినారు. కావున వారిని ఆపునది రోగము మాత్రమే కాదని మనము గ్రహింపవచ్చును. వారి చుట్టునున్నవారి మాటయు, వారి మనస్సునందలి జంకును కూడ వారిని ఆపుచున్నవి.

వ్యాయామము మానివేసిన రోగి చెప్పు కారణములు సామాన్యముగ నిట్లుండును. ఆటమధ్యమున మూర్ఛ వచ్చునేమో యను భయము మొదటిది. నలుగురిలో పడిపోయిన నవ్వుదురేమో యను సిగ్గు రెండవది. ఇంటివారును ఉపాధ్యాయులును వైద్యులును వలదనుట మూడవది. మాత్రలవలన కలుగు మగతయు అలసటయు నాలుగవది. తోడుగ వచ్చువారు లేకపోవుట ఐదవది. వీనిలో మొదటి మూడును భయమునకు సంబంధించినవే. నాలుగవదానిని వైద్యునితో చెప్పినచో ఆయన మందును గాని, వేళను గాని మార్చి సవరింపగలడు. ఐదవదానిని సవరించుట స్నేహితులమైన మన చేతిలోనే యున్నది.

మన ప్రాంతములందు ఆడుపిల్లల కష్టము ఇంకను ఎక్కువ. ఆటస్థలమున నలుగురియెదుట మూర్ఛ వచ్చినచో ఊరంతయు తెలియును, తెలిసినచో పెండ్లి కాదు అను భయముచే తల్లులు బిడ్డను గడప దాటనీయరు. ఈ భయమునకు చట్టముకూడ కొంతకాలము తోడ్పడెను. 1955నాటి హిందూ వివాహచట్టమునందు మూర్ఛరోగము వివాహమునకు అడ్డముగ చెప్పబడియుండెను. 1999లో ఆ మాటను చట్టమునుండి తొలగించిరి. చట్టము తన తప్పును దిద్దుకొనినది. ఇల్లును బడియును ఇంకను దిద్దుకొనవలసియున్నవి.

వ్యాయామమున శరీరమునందు జరుగు మార్పులు

ఇచ్చట విద్యార్థులు శ్రద్ధగ గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఈ.ఈ.జీ. పరీక్షలో వైద్యులు రోగిని కదలక పరుండబెట్టి, మూడు నిమిషములసేపు గట్టిగా త్వరత్వరగా ఊపిరి పీల్చి విడువుమందురు. కొందరు రోగులకు, ముఖ్యముగ క్షణకాలము శూన్యముగ చూచు మూర్ఛ గల పిల్లలకు, దీనివలన మూర్ఛ వచ్చును. అట్లయిన పరుగెత్తునప్పుడును మనము రొప్పుచున్నాము గదా, అప్పు డేల మూర్ఛ రాదు?

దీనికి కారణము ఇది. కదలక కూర్చుండి రొప్పినప్పుడు రక్తమునందలి బొగ్గుపులుసుగాలి అవసరమునకు మించి బయటికి పోవును. రక్తము క్షారగుణమును పొందును. మెదడునకు పోవు రక్తనాళములు సన్నగిల్లును. నరకణములు సులభముగ ఉద్రేకము పొందును. పరుగెత్తునప్పుడో, కండరములు పనిచేసి ఆ గాలిని ఎక్కువగ పుట్టించుచుండును. పుట్టినదానిని బయటికి పంపుటకే మనము రొప్పుచున్నాము. కావున రక్తమునం దది మితిమీరి తగ్గదు. చూచుటకు రెండును రొప్పుటయే యైనను శరీరములోపల జరుగు పని వేరు. మరియు, వ్యాయామము చేయుచుండగా కొందరు రోగుల మెదడునందలి చెడుతరంగములు తగ్గుటయు వైద్యులు చూచియున్నారు. ఆటయందు మనస్సు మెలకువతో నుండుట దీనికొక కారణము కావచ్చును. మూర్ఛలు ఆట నడుచుచున్నప్పటికంటె ఆట ముగిసి విశ్రాంతి పొందునప్పుడు వచ్చుట యెక్కువగ చూడబడినది.

నార్వేలో 1994లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనయందు, మందులకు లొంగని మూర్ఛలు గల 15 మంది స్త్రీలచేత వారమునకు రెండుసార్లు, ఒక్కొక్కసారి ఒక గంట చొప్పున, 15 వారములు సంగీతమునకు తగిన కదలికలతో వ్యాయామము చేయించిరి. ఆ కాలమున వారి మూర్ఛలు తగ్గినవి. నిద్రపట్టకపోవుట, కండరముల నొప్పి, అలసట మొదలగు బాధలును తగ్గినవి. పదునైదుగురిని చూచి లోకమంతటికిని నియమము చేయరాదు. కాని వ్యాయామము విషమువంటిదను పాతమాటకు ఇది తగిన జవాబే. స్వీడనుదేశమున 18 ఏండ్ల ప్రాయమున సైన్యపు పరీక్షకు వచ్చిన 11 లక్షలకు మించిన యువకుల లెక్కలను పరిశీలించి, ఆ ప్రాయమున దమ్ము తక్కువగ నున్నవారికి తరువాతి సంవత్సరములలో మూర్ఛరోగము వచ్చుట యెక్కువగ నుండెనని 2013లో ప్రకటించిరి. ఇది కారణమని సిద్ధాంతము కాలేదు. సంబంధము కలదని మాత్రమే తెలిసినది.

ఇవి యటుండ, కదలక కూర్చుండుటవలన కలుగు నష్టములు నిశ్చయమైనవి. మూర్ఛకిచ్చు కొన్ని మందులు శరీరపు బరువును పెంచును. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వంటి పాతమందులు చాలకాలము వాడినచో ఎముకలను బలహీనపరచును. ఎముకకు బలమిచ్చునవి యెండ, మంచి యాహారము, శరీరశ్రమ. రోగికి ఇతరులకంటె దిగులు ఎక్కువగ కలుగును; దిగులును పోగొట్టుటకు తోడివారితో ఆడుటకంటె మేలైనది అరుదు. అనగా వ్యాయామ మెవరికి ఎక్కువ అవసరమో వారినే మనము దానికి దూరము చేయుచున్నాము.

అయినను ఒక హెచ్చరిక. వ్యాయామము మందునకు తోడే గాని మందునకు బదులు కాదు. పరుగెత్తుచున్నాను గదా యని మాత్రలు మానినవాడు ప్రాణాపాయమును కొనితెచ్చుకొనును. ఇదివరలో చెప్పిన నూటికి పదిమంది వంటివారు, అనగా శ్రమవలననే మూర్ఛ వచ్చువారు, వైద్యుని సలహా లేక ఆటకు దిగరాదు.

మైదానమునం దిద్దరు

క్రికెట్టు ఆటయందు మన విద్యార్థులకు మక్కువ గనుక ఆ యాటనుండియే నిదర్శనములు చెప్పెదను. ఇంగ్లాండు జట్టునకు నాయకుడైన టోనీ గ్రెగ్‌కు పదునాలుగేండ్ల ప్రాయమునుండియు మూర్ఛరోగము కలదు. మందులతో దానిని అదుపులో నుంచుకొని ఆయన ప్రపంచప్రసిద్ధుడైన ఆటగాడయ్యెను. 1976-77లో ఆయన నాయకత్వమున ఇంగ్లాండు జట్టు మన దేశమునకు వచ్చి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో గెలిచి, బెంగుళూరున ఓడి, 3-1గా పందెములను గెలుచుకొని పోయెను. ఆ మద్రాసు ఆటను చూచిన తెలుగువారు ఆ యారున్నర యడుగుల యాటగానికి మూర్ఛరోగ మున్నదని ఊహించియైన నుండరు.

రెండవవాడు దక్షిణాఫ్రికా దేశస్థుడు జాంటీ రోడ్స్. ఆయనకును ఈ రోగము కొలదిగ కలదు. ఆయన దానిని దాచుకొనక చెప్పియున్నాడు. 1992 మార్చి 8వ తేదీని బ్రిస్బేన్ నగరమున జరిగిన ప్రపంచకప్పు ఆటలో, పాకిస్థాను ఆటగాడు ఇంజమాముల్ హక్ పరుగునకు వచ్చి వెనుదిరుగుచుండగా, రోడ్స్ బంతిని చేతబట్టుకొని పరుగెత్తి, శరీరమంతయు గాలిలోనికి విసరి వికెట్లను పడగొట్టెను. బంతిని ఆపుటయందు ఆయనకు సాటివారు అరుదని చూచినవారందరును చెప్పుదురు. ఆయనను బాల్యమున ఎవరైన చెట్టునీడను శాశ్వతముగ కూర్చుండబెట్టియుండినచో లోకము ఆ యాటను చూచియుండునా? ప్రతిబాలుడును రోడ్స్ కానక్కరలేదు. తనకు చేతనైనంత యాడుటకు ప్రతిబాలునకును అవకాశము కావలెను.

ఏయే ఆటలు తగును?

పైని చెప్పిన మూడు తరగతుల సూత్రమిది: ఆ క్షణమున తెలివి తప్పినచో ఏమగును? ఈ యొక్క ప్రశ్నచే ఏ యాటనైనను పరీక్షింపవచ్చును.

మొదటి తరగతిలో, పడినను నేలమీదనే పడు ఆటలు చేరును. పరుగు పందెము, క్రికెట్టు, ఫుట్‌బాలు, హాకీ, వాలీబాలు, బాస్కెట్‌బాలు, టెన్నిసు, నాట్యము, కుస్తీ ఇట్టివి. ఆ సంఘమువారి పట్టికలో మన పల్లెల యాటలు లేవు గాని, అదే సూత్రమునుబట్టి చూచినచో చెడుగుడు, ఖోఖో, తొక్కుడుబిళ్ళ, త్రాడాట, డ్రిల్లు ఈ తరగతిలోనివే యని నా యభిప్రాయము. వీనిని సామాన్యముగ అందరు రోగులును ఆడవచ్చును.

రెండవ తరగతిలోనివి రోగికి కొంత యపాయము గలవి: ఈత, సైకిలు, గుఱ్ఱపుస్వారి, బరువులెత్తుట, జిమ్నాస్టిక్సు, గుద్దులాట, విలువిద్య మొదలగునవి. మూర్ఛలు చాలకాలము, అనగా ఏడాది వరకైనను, రాకుండ నున్నవారు వైద్యుని యనుమతితోను తోడుతోను వీనిలో చేరవచ్చును. బడికి సైకిలుపై వచ్చు బాలురు ఈ మాటను ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను. లారీలు నడచు బాట ఆటస్థలము కాదు.

మూడవ తరగతిలోనివి తనకును ఇతరులకును ప్రాణాపాయము కలిగించునవి: కొండలెక్కుట, మోటారు పందెములు, విమానము నడపుట, ఎత్తునుండి నీట దుముకుట, నీటియడుగున ఈదుట మొదలగునవి. మన కోతికొమ్మచ్చి యాటను నేనీ తరగతిలోనే చేర్చెదను. కొమ్మమీద తెలివి తప్పినవానిని పట్టుకొనువారెవరు?

నీటినిగూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మూర్ఛరోగులు నీట మునిగి మరణించు నపాయము ఇతరులకంటె 15 నుండి 19 రెట్లు ఎక్కువ యని 2008లో ప్రకటింపబడిన పరిశోధనవలన తెలియుచున్నది. దిగుడుబావిలోను చెరువులోను కాలువలోను ఒంటరిగ దిగుట వారికి ఎంతమాత్రమును తగదు. మన వింత యేమనగా, డ్రిల్లు వలదని బాలుని కూర్చుండబెట్టిన ఇంటివారే వానిని చెరువుగట్టునకు పశువులను కడుగుటకు ఒంటరిగ పంపుదురు. అపాయములేనిచోట అడ్డుపడి, అపాయమున్నచోట విడిచిపెట్టుచున్నాము.

ఆడువారు పాటింపవలసిన నియమములు

1. మాత్రలను వేళ తప్పక వేసికొనవలెను. ఆటదినమనియు పండుగయనియు మానరాదు.

2. రాత్రి చాలినంత నిద్రపోవలెను. నిద్రలేమి మూర్ఛను తెచ్చు కారణములలో ముఖ్యమైనది. పందెమునకు ముందురాత్రి మేలుకొనరాదు.

3. ఖాళీకడుపుతో ఆటకు దిగరాదు. మండుటెండలో ఆడరాదు, ఉదయమో సాయంకాలమో మేలు. ఆట మధ్యమధ్య నీరు త్రాగవలెను.

4. శ్రమను కొలదికొలదిగ పెంచవలెను. మొదటి వారము నడక, పిదప మెల్లని పరుగు, పిదప ఆట.

5. జ్వరము వచ్చిన దినమునను, మందు మార్చిన క్రొత్తలోను ఆట ఆపవలెను.

6. తన రోగసంగతి ఉపాధ్యాయునకును ఒకరిద్దరు మిత్రులకును తెలిసియుండవలెను. దాచుటయే యపాయము. ఆట ముగిసిన తరువాత కొంతసేపు తోడుండి ఇంటికి పంపవలెను.

ఆటస్థలమున మూర్ఛ వచ్చినచో

మొదట ఆట ఆపి, గుంపును దూరముగ నిలుపుడు. దెబ్బతగులు వస్తువులను తొలగింపుడు. తలక్రింద మెత్తని బట్ట యేదైన నుంచుడు. మెడచుట్టునున్న గుండీలను వదులు చేయుడు. కాలుసేతులు కొట్టుకొనుచుండగా గట్టిగా అదిమిపట్టకుడు. వీలైనంత త్వరగా ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలోని నురుగు బయటికి పోవును, ఊపిరి సులభముగ ఆడును. పండ్లనడుమ చెంచా గాని కఱ్ఱ గాని వ్రేలు గాని పెట్టకుడు. నీరు త్రాగింపకుడు. చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట, ముక్కుకడ ఉల్లిపాయయో చెప్పో పెట్టుట, వాతలు వేయుట, వీనివలన మూర్ఛ ఆగదు. మూర్ఛ సామాన్యముగ రెండు మూడు నిమిషములలో దానంతట అదే ఆగిపోవును. అప్పుడు చేత ఇనుము పట్టుకొనినవానికి ఇనుముయొక్క మహిమగ తోచును.

గడియారము చూచుచుండుడు. ఐదు నిమిషములకు మించినను, తెలివి రాకుండగనే రెండవ మూర్ఛ వచ్చినను, దెబ్బ తగిలినను, నీటిలో జరిగినను, అదియే మొదటిసారి యైనను 108కు ఫోను చేసి వైద్యసహాయమును పిలువుడు. తెలివి వచ్చినపిదప వానికి కొంత తికమక యుండును. ఒకరు చెంతనుండి మెల్లగ మాటలాడుడు. వాని బట్టలు తడిసియున్నచో కప్పి, నవ్వువారిని మందలింపుడు. రెండు నిమిషముల మూర్ఛను వాడు మరచిపోవును. మీ నవ్వును మరువడు.

ముగింపు

తలిదండ్రులారా, మీ బిడ్డను మీరు దాచిన గది వానిని మూర్ఛనుండి కాపాడదు. మూర్ఛ గదిలోనికిని వచ్చును. వైద్యునియొద్దకు పోయినప్పుడు మందును మాత్రమే యడుగక, "మా బిడ్డ ఏ యాటలాడవచ్చును?" అనియు అడుగుడు. ఆయన చెప్పినదానిని కాగితముమీద వ్రాయించుకొని బడికి పంపుడు. ఉపాధ్యాయులారా, ఆ కాగితమును చదివి, బాలుని పేరు జట్టులో చేర్పుడు. విద్యార్థులారా, జట్టులు పంచుకొనునప్పుడు వానిని కడపట మిగిల్చి పోకుడు.

నాయొద్దకు వచ్చి స్కోరు వ్రాయు పనినడిగిన బాలునకు ఆ దినమున నేను పలకయు బలపమును ఇచ్చితిని. అదే గొప్ప మేలనుకొంటిని. ఇప్పుడు తెలిసియుండినచో బంతినే యిచ్చియుందును. ఆ బాలుడు మన పాఠశాలనుండి పోయి చాలకాలమైనది. చెట్టునీడ మాత్రము ఇప్పటికిని అచ్చటనే యున్నది. రాబోవు సంవత్సరమున ఆట జరుగుచున్న వేళ ఆ నీడను రోగము పేర ఏ బాలుడును కూర్చుండకుండ జూచుట మనయందరి పని.